కణుపు కణుపుకీ పక్క మారే నూగు

పదీ పదికి డైరెక్టర్ టీ కప్పు అందుకున్నాడు. పదీ పన్నెండుకి ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. పదీ పదిహేనుకి ఆ కప్పు పక్కనే తల వాల్చేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

డాక్టర్ వచ్చి గుండెపోటు అని రాశాడు. అరవై మూడేళ్ళ మనిషి, రెండంతస్తులు ఎక్కితే రొప్పే మనిషి, ఇంకేం రాస్తాడు పాపం! అందరూ తలలూపారు. వృక్షశాస్త్ర సంస్థకి ఒకరోజు సెలవిచ్చారు. కథ అక్కడితో కంచికి వెళ్ళిపోయేదే. కానీ పోలీసు ల్యాబ్‌లో ఓ చాదస్తపు మనిషి ఉన్నాడు. ఆ కప్పు అడుగున మిగిలిన టీ పొడిని ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. అందులో మూడు నలుసులు టీ పొడి కావు. గింజలు.

మర్నాడు ఉదయం ఊరి మధ్యలో ఉన్న కళ్ళజోళ్ళ దుకాణంలోకి ఓ మనిషి వచ్చి పరీక్ష కుర్చీలో కూర్చున్నాడు.

"కింది లైను చదవండి," అన్నాడు దుకాణందారు.

"రెండక్షరాలు బానే ఉన్నాయి. మూడోది అలుక్కుపోయింది."

"ఏ కంటికి?"

"నిద్రపోయే కంటికి."

దుకాణందారు గోడ మీది అక్షరాల పటాన్ని పక్కకి జరిపాడు. వెనక తలుపు. తలుపు వెనక మెట్లు.

ఆ మనిషిని డిపార్ట్‌మెంట్‌లో గుమాస్తా అంటారు. ఎందుకంటే అచ్చం అలాగే ఉంటాడు. నలభై ఏళ్ళు, కాస్త బట్టతల, ఏ గోడ దగ్గర నిలబెడితే ఆ గోడలో కలిసిపోయే ముఖం. పదిసార్లు చూసినవాడు కూడా పదకొండోసారి "మిమ్మల్నెక్కడా చూసినట్టు లేదే" అంటాడు. ఆ ముఖమే అతనికి అన్నం పెడుతోంది. ఆరు దేశాల సీక్రెట్ ఫైళ్ళు ఆ ముఖం చూస్తుండగానే మాయమయ్యాయి.

మెట్ల కింద గదిలో చీఫ్ కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. నవ్వగా చూసినవాళ్ళు లేరు.

"నాలుగు దేశాలు, నాలుగు కప్పులు, నాలుగు గుండెపోట్లు," అన్నాడు పెద్దాయన, ఉపోద్ఘాతం లేకుండా. "మొదటి ముగ్గురూ ఆయుధాల ఒప్పందాలకి అడ్డుపడ్డవాళ్ళు. చంపించింది ఒకటే విదేశీ ముఠా. ఏ పోస్ట్‌మార్టమ్‌లోనూ విషం దొరకదు. గుండె ఆగుతుంది, అంతే. ఇప్పుడు నాలుగోవాడు ఈ మొక్కల డైరెక్టర్. ఈయనెందుకు పోయాడంటావ్?"

"ఆయుధాలతో ఈయనకేం పని సార్?"

"ఆయుధాన్ని కనిపెట్టిందే ఈయన."

పెద్దాయన బల్ల మీద ఓ ఫోటో పడేశాడు. జానెడు మొక్క. చూస్తే జాలేస్తుంది. లేత ఊదారంగు పువ్వు ఒకటి, ఎదురెదురుగా నాలుగైదు జతల ఆకులు. దారిన పోయేవాడు తొక్కుకుంటూ పోతాడు.

"ఉష్ణమండలపు అడవిలో, ఒకే ఒక్క వాగు ఒడ్డున, నీడలో, తడిరాతి మీద మొలుస్తుంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కుండీలో వేస్తే వారంలో చస్తుంది. పొద్దున రెండు గంటలే పువ్వు విచ్చుకుంటుందిట. దీనికి చెల్లెలి వరస మొక్క ఇంకొకటుంది. అది ఏ పాపం ఎరగదు, ప్రతి రోడ్డు పక్కనా ఉంటుంది. రెండింటికీ తేడా ఒక్కటే, కాండం మీద నూగు. రోడ్డు పక్క దానికి చుట్టూతా ఉంటుంది. దీనికి ఒకే ఒక్క వరస. అదీ ప్రతి కణుపు దగ్గరా పక్క మారుతుంది. ఈ కణుపుకి ఎడమ, పై కణుపుకి కుడి."

"మనవాళ్ళలాగే," అన్నాడు గుమాస్తా.

పెద్దాయన నవ్వలేదు. "డైరెక్టర్ కొన్ని ఎండు మొక్కల్ని కాయలతో సహా ఏదో విదేశీ సంస్థకి పంపాడు. వీళ్ళల్లో అది మామూలేనట, ఇచ్చిపుచ్చుకోవడం. అక్కణ్ణించి ముఠా చేతిలో పడింది. ఆ సరుకు అయిపోవస్తోంది. ఇప్పుడు వాళ్ళకి ఆ వాగు కావాలి. అరుదైన మొక్కయితే దొరికిన చోటు దాన్ని అతికించిన అట్ట మీద రాయరు. నంబరు వేస్తారు. చోటు ఫీల్డ్ నోట్‌బుక్‌లో ఉంటుంది. డైరెక్టర్ ఇవ్వనన్నాడు, పోయాడు. ఆ వాగు దగ్గరకి వెళ్ళినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆయన."

"రెండోవాళ్ళు?"

పెద్దాయన మొదటిసారి చూపు పక్కకి తిప్పుకున్నాడు. "నోట్‌బుక్ ఉన్న బీరువా తాళం మీ అక్క దగ్గరుంది."

గుమాస్తా ఫోటోని పక్కకి తోసేశాడు. ఏడేళ్ళ వయసులో అమ్మ పోతే జుట్టు దువ్వి, చొక్కా గుండీలు పెట్టి బడికి పంపింది ఆ అక్కే. తనకంటే పదేళ్ళు పెద్ద. పెళ్ళీ గిళ్ళీ లేదు, మొక్కలే లోకం. తమ్ముడు తూనికలూ కొలతల శాఖలో పనిచేస్తున్నాడని అనుకుంటుంది. ప్రపంచంలో ఈ మనిషికి ఉన్నది ఆవిడొక్కతే. ఆవిడ చెయ్యి కూడా ఇప్పుడో కప్పు మీద ఉండి ఉంటుంది.

"నోట్‌బుక్ చేతికొచ్చేదాకా చంపరు. వచ్చాక వదలరు," అన్నాడు పెద్దాయన. "కంగారుపడకు. నెమలిని నిన్ననే పంపాను. భద్రతా అధికారిగా పగలంతా ఆవిడ పక్కనే ఉంటుంది. నువ్వు ఎలక్ట్రీషియన్‌గా వెళ్ళు."

"అక్క ముందుకా! ఇట్టే గుర్తుపట్టేస్తుంది సార్."

"కన్నతల్లి కూడా గుర్తుపట్టదని మేకప్ మనిషి హామీ ఇచ్చాడు."

నెమలి పేరు వినగానే గుమాస్తాకి ప్రాణం కాస్త కుదుటపడింది. ఎనిమిదేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌లో ఉంది. నడిచొస్తే కారిడార్లో ఫైళ్ళు మోసేవాళ్ళు గోడల్ని గుద్దుకునేవారు. రెండుసార్లు అతని ప్రాణం కాపాడింది. అలాంటి మనిషి పక్కన ఉంటే అక్కకి ఢోకా లేదనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

*

సంస్థ రెండో అంతస్తులో హెర్బేరియం. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకి అతికించి, కాండాల్ని దారంతో కుట్టి, వందేళ్ళుగా దాచే చోటు. ఇనప బీరువాల వరసలు, నాఫ్తలీన్ ఘాటు, చల్లటి సిమెంటు గచ్చు. మూడు లక్షల మొక్కలు చచ్చి చదునుగా పడుకుని ఉన్నాయక్కడ. మాట్లాడితే గొంతు దానంతటదే తగ్గిపోతుంది. డైరెక్టర్ గది తలుపు తెరిచే ఉంది. కుర్చీ వెనక్కి జరిగి ఉంది, ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. బల్ల మీద ఆయన కళ్ళజోడు తిరగబడి ఉంది. దాన్ని తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

గుబురు మీసం, నల్లరంగు పూసిన విగ్గు, ఖాకీ చొక్కా, చొక్కా రెండో గుండీలో ట్రాన్స్‌మిటర్, టెస్టర్‌లో మత్తుసూది. గుమాస్తా నిచ్చెనెక్కి ఫ్యాను విప్పడం మొదలెట్టాడు.

పది నిమిషాలు కాలేదు. కింద చెప్పుల చప్పుడు ఆగింది.

"తూనికలూ కొలతల వాళ్ళు ఫ్యాన్లు కూడా బాగుచేస్తారా?"

గుమాస్తా చేతిలో స్క్రూ జారిపోయింది.

"మీసం ఎడం వైపు ఊడుతోంది, సరిచేసుకో," అంది అక్క, చేతిలో ఉన్న అట్టల దొంతర మీంచి తల ఎత్తకుండానే. "అయినా ఆ నిచ్చెన మీద అలా వంగి నిలబడొద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"ఎవరనుకుంటున్నారు మేడమ్..."

"చాల్లే వేషాలు! ఆకు సగం చిరిగినా ఏ మొక్కో చెప్పేదాన్ని, నీ చెవులు నాకు తెలీవూ? నీ ఉద్యోగం సంగతి ఏడేళ్ళుగా తెలుసు. తూనికల శాఖవాడికి ఏ దేశంలోనన్నా భుజంలోంచి తూటా తీస్తారా?"

అతను మీసం నొక్కి అతికించుకున్నాడు. కిందికి దిగి, వైరు చుట్టుకుంటున్నట్టు నటిస్తూ గొంతు తగ్గించాడు. "డైరెక్టర్‌గారిది గుండెపోటు కాదు. ఇలా పోయినవాళ్ళలో ఆయన నాలుగోవాడు."

"తెలుసు." ఆవిడ అట్టల దొంతర బల్ల మీద దించింది. "ముప్పై ఏళ్ళు అన్నలా చూసుకున్నాడురా. ఆ రోజు పువ్వు చూసి పసిపిల్లాడిలా ఎగిరాడు. అదే ఆయన్ని మింగేసింది." కళ్ళు తుడుచుకుని మళ్ళీ మామూలైపోయింది. "భయం లేదులే. మీవాళ్ళు పంపిన ఆ అమ్మాయి ఉందిగా. బంగారంలాంటి పిల్ల. పనికూడా బాగా వచ్చు."

"ఏం పని?"

"మొక్కల పని. నిన్న ఆ వాగు మొక్క అట్ట చూపించి, నూగు చూడమని భూతద్దం ఇచ్చాను. నీలాంటివాళ్ళకిస్తే ఏంచేస్తారు? మొక్క మీద పెట్టి, దూరంనించి తొంగిచూస్తారు. ఆ పిల్ల మాత్రం అద్దాన్ని కంటికి ఆనించేసి, అట్టని ముఖం దగ్గరకి ఎత్తింది. అలా పట్టుకోవడం రావాలంటే కనీసం ఐదేళ్ళు ఈ పని చేసుండాలి. మళ్ళీ కింది కణుపునించి మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి చూసుకుంటూ వెళ్ళింది, చెప్పకుండానే! నాకు ఓనమాలు కూడా రావు మేడమ్ అంటుంది పైగా. వినయం."

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది.

"సరే, నేను వెళ్తున్నా. నోట్‌బుక్ ఒక్కసారి చూపిస్తే ఎక్కడ దాచాలో చెప్తానంది. నాకోసం టీ కూడా పెట్టి ఉంచింది, చల్లారిపోతుంది." అట్టలు సర్దుకుని అక్క వరస చివర్న ఉన్న తన గదిలోకి వెళ్ళిపోయింది.

గుమాస్తా గుండీ నొక్కాడు. "సార్, ఒక్క ప్రశ్న. భూతద్దాన్ని ఆరితేరినదానిలా పట్టుకుందట. నెమలికి మొక్కల గురించి ఏమైనా తెలుసా?"

"మొక్కలా!" ఇయర్‌పీస్‌లో పెద్దాయన చిరాకు. "పంపేముందు రెండు గంటలు బ్రీఫింగ్ ఇచ్చాం. కొత్తిమీరకీ పుదీనాకీ తేడా తెలియదని తనే చెప్పింది. ఏం?"

ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళుగా తమ మధ్య తిరిగిన ఆ మనిషి ముఠా తాలూకు మొక్కల మనిషి. అన్నీ దాచగలిగింది. నవ్వు, నడక, మాట, పుట్టినూరు. చెయ్యి మాత్రం మాట వినలేదు. ఇన్నాళ్ళూ ఎండు కాయలు మాత్రమే చూసినదానికి పూర్తి మొక్క కంటపడేసరికి చెయ్యి పాత అలవాటు చొప్పున వెళ్ళిపోయింది.

నిచ్చెన కిందపడిన చప్పుడు కూడా అతనికి వినిపించలేదు. ఒకటే పరుగు. తలుపు లోపలినించి గడియవేసి ఉంది. అద్దంలోంచి కనిపిస్తోంది. తెరిచిన బీరువా. నెమలి ఒడిలో నోట్‌బుక్, చంకకి మెరిసే హ్యాండ్‌బ్యాగు. ఎదురుగా అక్క. కప్పు పెదాల దాకా వెళ్ళింది.

డిపార్ట్‌మెంట్‌లో చేరిన రోజు నేర్పే మొదటి రూలు, డ్యూటీలో సొంతవాళ్ళని వరస పెట్టి పిలవకూడదని. పదహారేళ్ళలో ఒక్కసారీ తప్పలేదతను.

"అక్కా! తాగొద్దే!"

చిన్నప్పుడు బావిగట్టు మీదనించి జారుతున్నప్పుడు అరిచిన అరుపు అది. ఆవిడ చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది. టీ ఆవిడ కింది పెదవికి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

రెండో తోపుకి గడియ ఊడింది.

"ఏమైంది?" అంది నెమలి తాపీగా. ముఖంలో రవ్వంత తేడా లేదు. "వైరు షాక్ కొట్టిందా గుమాస్తా?"

"కప్పులో ఏం వేశావ్?"

"చక్కెర." ఆమె అక్క చేతిలోంచి కప్పు మెత్తగా అందుకుని కిటికీలోంచి పారబోసింది. "అంత అనుమానమైతే తాగొద్దులే. పెద్దాయన ఆర్డరు ప్రకారం నోట్‌బుక్ నాతో వస్తుంది. కావాలంటే అడుగు."

గుమాస్తా అడగకముందే ఇయర్‌పీస్ గరగరలాడింది. "ఆమెని పోనియ్. నోట్‌బుక్ తెమ్మన్నది నేనే. నీ దగ్గర సాక్ష్యం ఏముంది? భూతద్దం ఎలా పట్టుకుందన్నదా? కోర్టులో నవ్వుతారు."

నెమలి నోట్‌బుక్‌ని బ్యాగులో పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది. ఆ గుమ్మం దాటితే వాగూ పోతుంది, రేపో ఎల్లుండో అక్కా పోతుంది. అతని చేతిలో టెస్టర్ ఉంది. కానీ చీఫ్ ఆర్డరు దాటి సొంత ఏజెంటుని పొడిస్తే, రేపట్నించి అక్కకి కాపలా ఉండటానికి తనే ఉండడు. ఇంత నిస్సహాయంగా ఎప్పుడూ లేడతను. ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్క నిమిషం అమ్మాయ్," అంది అక్క.

బల్ల మీదున్న మంచినీళ్ళ జగ్గు తీసుకుని, తొణక్కుండా నడిచొచ్చి, మొత్తం నీళ్ళు ఆ మెరిసే బ్యాగులోకి ఒంపేసింది.

"మేడమ్! మీకేమైనా పిచ్చా?"

"పిచ్చి కాదు, పాఠం. ఈ మొక్క గింజ కాయలో ఉన్నంతకాలమే విషం. రాలితే ఒక్క పూటలో ఉత్త గింజైపోతుంది. అందుకని దీన్ని ఎవరు మోసినా కాయలతోనే మోయాలి. ఇక ఆ కాయకి తడి తగిలితే..."

టప్!

చిన్న చప్పుడే. బ్యాగులోంచి, పెసరగింజ నేలకేసి కొట్టినట్టు. తర్వాత ఇంకొకటి. తర్వాత పేలాలు వేయించినట్టు ఒకటే టపటపలు. బ్యాగు నోట్లోంచి నల్లటి నలుసులు చిమ్ముకొచ్చాయి. నెమలి చేతుల మీద, చీర కుచ్చెళ్ళ మీద, గడ్డం మీద. తడి తగిలిన ప్రతి గింజా చూస్తుండగానే ఉబ్బి, జిగురు కమ్ముకుని, పడిన చోటే అతుక్కుపోయింది.

నెమలి చెయ్యి కొప్పులోకి వెళ్ళి లిప్‌స్టిక్ అంత పిస్తోలుతో బయటికొచ్చింది. సూటిగా అక్క గుండెకి గురిపెట్టింది. గుమాస్తా అడ్డుగా దూకాడు. పేలుతుందనుకున్నాడు.

పేలలేదు. ఆమె శిలలా నిలబడిపోయింది. ముఖంలో కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు. పైపెదవి మీద, సరిగ్గా నోటి మూల దగ్గర, ఒక గింజ. ఉబ్బుతోంది. జిగురు చుక్క కట్టి కిందికి దిగుతోంది. అందులో ఏముందో ఆ గదిలో అక్క తర్వాత ఆమెకే బాగా తెలుసు. నోరు తెరిస్తే లోపలికి. చేత్తో తుడిస్తే మరింత అలుక్కుంటుంది. ఊపిరి కూడా ముక్కుతో, కొంచెం కొంచెంగా. వేళ్ళు వదులయ్యాయి. పిస్తోలు నేల మీద పడింది.

కళ్ళతో బతిమాలింది. అంత అందమైన కళ్ళలో అంత భయం అతనెప్పుడూ చూడలేదు.

"కదలకు," అంది అక్క. సొరుగులోంచి పట్టకారు తీసి, భూతద్దం కంటికి ఆనించుకుని, గింజని జిగురుతో సహా ఎత్తేసింది. ఎండు దూదితో రెండుసార్లు అద్దింది. "ఇప్పుడు ఊపిరి తీసుకో."

"వదిలేస్తే పోయేదిగా! నిన్ను చంపబోయింది!" అన్నాడు గుమాస్తా, నెమలి మణికట్లకి వైరు చుడుతూ.

"ఆ మొక్క ఇప్పటికి నలుగుర్ని చంపింది. ఐదో మనిషిని నేనివ్వను దానికి."

నెమలి గోడకి చేరబడి చాలాసేపు ఊపిరి పీల్చుకుంది. తర్వాత గుమాస్తా వైపు చూసి నవ్వింది. "గెలిచాననుకోకు. మీ పెద్దాయన నోట్‌బుక్ ఎందుకు తెమ్మన్నాడో అడిగావా? దాచడానికా? ఆ పేజీ ఫోటో తీసి తనకొక్కడికే ఇమ్మన్నాడు. అడిగి చూడు."

అక్కా తమ్ముడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అక్క తడిసిన బ్యాగులోంచి పట్టకారుతో నోట్‌బుక్ బయటికి తీసింది. ఆ వృత్తిలో రాసినదాన్ని కొట్టెయ్యరు. తప్పు రాసినా పక్కన ఇంకో చీటీ అతికిస్తారు గానీ పాతదాన్ని ముట్టుకోరు. అలాంటి మనిషి ఒక పేజీ దగ్గర ఆగింది. అందులో డైరెక్టర్ దస్తూరీ. వాగు, రాయి, పువ్వు రంగు. వేలితో ఒకసారి తడిమింది. తర్వాత ఆ పేజీ చింపి, మొక్కలు ఆరబెట్టే స్టవ్‌లో పడేసి, బూడిదని పట్టకారుతో చిదిమింది. ఏడుస్తూనే చేసింది.

అరగంటకి పెద్దాయన స్వయంగా వచ్చాడు. నెమలిని తీసుకెళ్ళారు. గింజలన్నీ ఏరి మరుగుతున్న యాసిడ్‌లో వేశారు. ఆయన అక్క ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతులో తేనె.

"మీరు దేశానికి చాలా గొప్ప సేవ చేశారమ్మా. ఆ మొక్క శత్రువు చేతిలో పడకూడదు. అంటే మన చేతిలో ఉండాలి. ఆ పేజీ నాకివ్వండి. భద్రంగా ఉంటుంది."

గుమాస్తా అక్క వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆకు పొడవు మిల్లీమీటరు తేడా రాకుండా రాసిన మనిషి. ఇంటికొచ్చిన సేల్స్‌మన్‌తో కూడా "ఇంట్లో లేను" అని అనలేని మనిషి. ఇప్పుడు దొరికిపోతుందనుకున్నాడు.

అక్క నోట్‌బుక్ తెరిచి చిరిగిన అంచు చూపించింది. పెద్దాయన కళ్ళలోకి సూటిగా చూసింది. రెప్ప కొట్టలేదు.

"అయ్యో, చూశారా అండీ! పేజీకి పేజీ తినేశాయి. రామబాణం పురుగులు. ఈ వానాకాలంలో మరీ ఎక్కువ. మీకు బొమ్మ గీసి చూపించనా? ఆడపురుగుకి మగపురుగుకి తేడా కూడా చెప్తాను, ఓ గంట పడుతుంది."

పెద్దాయన గంట కూర్చోలేదు. గుమాస్తా మాత్రం మరుసటి వారం రెండు రోజులు సెలవు పెట్టి అక్క దగ్గరే ఉండిపోయాడు. అబద్ధమాడటంలో ట్రైనింగ్ తీసుకోవాలని లీవు లెటర్లో కారణం రాద్దామనుకుని, చివరి నిమిషంలో కడుపునొప్పి అని రాశాడు.